ఏడో సీసా

కంపులోనూ తరగతులుంటాయని నూకరత్నానికి ఆ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. మొదటి సీసాలో మురిగిన గుడ్డు. రెండోదాంట్లో విరిగి పులిసిన పాలు. మూడోది నెల్లాళ్ళు ఉతక్కుండా మూలపడ్డ మేజోడు. నాలుగోది వాంతి. అయిదోది మురిక్కాలవ. ఆరోది కుళ్ళిన చేప, అది అన్నిటికీ పట్టపురాణి. ఏడో సీసాలో మాత్రం ఉత్త మంచినీళ్ళు.

ఈ ఏడూ నింపి వరసగా పెట్టడం రత్నం పని. విశాఖపట్నం శివార్లలో, కొండ పక్కన, గాజుగోడల ప్రయోగశాల అది. వాలంటీర్లు ఒక్కొక్కరే వచ్చి చిన్న గదిలో కుర్చీలో కూర్చుంటారు. గోడలో చిన్న తలుపు తెరుచుకుని సీసా వాళ్ళ ముక్కు ముందుకొస్తుంది. ఎదురుగా ఉన్న కెమెరా మొహం చూసి మార్కులేస్తుంది. ముక్కు ఎంత ముడిచాడు, పై పెదవి ఎంత ఎత్తాడు, దాన్నిబట్టి సున్నా నుంచి తొమ్మిది దాకా. సున్నా అంటే ఏవగింపన్నది లేదన్నమాట. తొమ్మిది ఇంతవరకూ ఎవరికీ రాలేదు. కుళ్ళిన చేపకే ఎనిమిది.

రెండో విడతలో అదే మనిషి ముక్కులో 'సమ్మతి' అనే మందు చిమ్ముతారు. పావుగంట ఆగి మళ్ళీ అవే సీసాలు. వాసన తెలుస్తూనే ఉంటుంది. "ఆఁ, చేప కుళ్ళింది కదండీ" అంటారు. అంటూనే పెళ్ళివిందులో కూర్చున్నట్టు హాయిగా నవ్వుతారు. ఇక ఆరు గంటలపాటు లోకంలో ఏదీ వాళ్ళకి రోత పుట్టించదు.

ఎవరికోసం ఈ మందు? చూడ్డానికొచ్చిన పెద్దమనుషులందరికీ ప్రయోగశాల పెద్ద డాక్టర్ కామేశం గారు ఒకటే మాట చెప్పేవారు. ఆస్పత్రి ఆయాలకోసం, మంచం పట్టిన వాళ్ళకి సేవచేసే వాళ్ళకోసం, మురుగుగుంటల్లో దిగే కార్మికులకోసం. ఛీ! మనిషిని గుంటలోకి దించడం మానరట, దిగేవాడి ముక్కుని మాత్రం బాగుచేస్తారట. కామేశం గారి మాటకి పెద్దమనుషులు తలలూపి బిస్కెట్లు తినేవారు. రత్నం టీ కప్పులు తీస్తూ వినేది. వినీ వినీ అలవాటైపోయింది, మనిషికి ఏది అలవాటు కాదు గనక!

కెమెరా దగ్గర కూర్చునేది గ్రేస్. తెర మీద మొహం కనపడగానే రత్నం "అయిదు" అనేది. రెండు క్షణాలాగి కంప్యూటరూ అయిదనేది.

"నీ కళ్ళల్లో ఏం పెట్టాడే దేవుడు!" అనేది గ్రేస్.

దేవుడేం పెట్టలేదు, లోకం పెట్టింది. భీమిలి అవతల, సముద్రపొడ్డు పల్లెలో, అందరూ మగపిల్లాడనుకుని పెంచిన పిల్ల రత్నం. తను ఆడపిల్లనని తనకి తెలిసిన రోజునుంచీ ఎదుటివాళ్ళ మూతుల్ని చదువుతూనే ఉంది. బస్సులో పక్క సీటువాడు లేచి నిలబడతాడో, నిలబడకుండా ఒళ్ళు దగ్గరికి లాక్కుంటాడో, వాడికంటే ముందు తనకి తెలుస్తుంది. ఇరవయ్యేళ్ళకి ఇంట్లోంచి బయటికొచ్చింది. పదకొండేళ్ళు గడిచాయి. ఈ పదకొండేళ్ళలో తనని చూసి సున్నా వచ్చిన మొహాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందులో గ్రేస్‌ది ఒకటి. ఇంట్లో ఏం వండిందో, ఏం మిగిలిందో, రత్నం మొహంకేసి చూస్తూ సులువుగా కబుర్లు చెబుతుంది.

ఇక ఏడో సీసా సంగతి. అది గోడలోంచి వెళ్ళేది కాదు.

"అది కొలతకి మూలబిందువమ్మా రత్నం. మనిషి చేత్తో ఇవ్వాలి. నువ్వే ఇవ్వాలి. మాస్కు తీసేసి, నవ్వుతూ వెళ్ళు" అన్నారు కామేశం గారు మొదటి రోజే. ఆయన ఎప్పుడూ అమ్మా అనే పిలుస్తారు. పండగకి చీర పెట్టారు. ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు పక్కన నిలబెట్టి ఫొటో తీయించి సంస్థ పత్రికలో వేయించారు. రత్నం ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకునేది.

తిరకాసేమిటంటే, ఆ ఉత్త నీళ్ళకి కూడా జనం మూతి ముడిచేవారు. నాలుగు. అయిదు. ఒక్కోసారి ఆరు. మురిక్కాలవతో సమానం! రత్నానికి ప్రాణం చచ్చిపోయేది. సీసా సరిగ్గా కడగలేదేమోనని ఆసిడ్‌తో కడిగింది. నీళ్ళు మూడుసార్లు కాచింది. సీసాల పెట్టె మార్చింది. తన చేతులకేమైనా వాసనుందేమోనని సబ్బు మార్చింది. జడలో మల్లెపూలు మానేసింది, తలకి కొబ్బరినూనె మానేసింది. బాత్రూంలో తలుపేసుకుని చంకలు వాసన చూసుకుంది, అరచేతులు చూసుకుంది, ఊపిరి చూసుకుంది. ఏమీ లేదు. అయినా మర్నాడు మళ్ళీ అయిదు.

బజార్లో అయితే రత్నానికి ఇట్టే అర్థమైపోయేది, ఆ ముడత దేనికో. కానీ ఇక్కడ తెల్లకోటు ఉంది కదా! కోటు తొడుక్కున్నాక తను సైన్సు పక్షాన ఉన్నాననుకుంది పిచ్చిది. ఇక్కడ ఎవరు మూతి ముడిచినా అది సీసాకే అనుకుంది.

* * *

ఆ వారంలోనే చెల్లెలు దేవి ఫోన్ చేసింది.

"అప్పా, అమ్మకి కంట్లో శుక్లాలు ముదిరిపోనాయట. ఆపరేషన్ పట్నంలోనే సేస్తామన్నారు. ఇక్కడ ఉంచుకోడానికి మా అత్తోరు ఒప్పుకోడం నేదు. వారం దినాలు నీకాడ ఉంచుకోవా?"

పదకొండేళ్ళుగా రత్నం ఎదురుచూసిన ఫోన్ అది. గాజువాకలో ఒంటిగది, వంటకి చిన్న గట్టు. ఆ గదిని మూడుసార్లు కడిగింది. కొత్త దుప్పటి కొంది. ఇన్నాళ్ళూ కుక్కర్‌తోనూ గోడ గడియారంతోనూ మాట్లాడుకున్న మనిషి, అమ్మతో ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి వల్లెవేసుకుంది.

అద్దం అంటే జ్ఞాపకం వచ్చింది. రత్నానికి ఒక నియమం ఉంది. మొహం ఎప్పుడూ ముడవకూడదు. రోజూ పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని, పౌడరద్ది, అద్దంలో నవ్వు దిద్దుకునేది. ఆడది అంటే మెత్తగా ఉండాలి, చల్లగా నవ్వాలి, ఎవరేమన్నా కళ్ళు దించుకోవాలి. ఇవి ఎవరు చెప్పారో తెలీదు, కానీ ఒక్క ముడత పడితే చాలు, లోకం "అదిగో మగాడు" అంటుందని భయం. అందుకని ఎన్ని రోతలు చూసినా ఆ నవ్వు మాత్రం చెరిగేది కాదు. నవ్వి నవ్వి సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి.

అమ్మ మసేనమ్మ ఆటో దిగింది. భుజాన సంచి. సంచిలోంచి ఎండు నెత్తళ్ళ వాసన గుప్పుమంది. నలభై ఏళ్ళు ఎండుచేపలమ్మిన మనిషి. ఈగలు ముసిరినా, పురుగు పట్టినా, వాన్లో తడిసి కుళ్ళినా ముక్కు మీద ముడత పడనివ్వలేదు. అటువంటిది కూతురు ఎదురొచ్చి సంచి అందుకోబోయేసరికి ఎడమవైపు ముక్కుపుటం చటుక్కున పైకి లేచింది.

ఆరు, అనుకుంది రత్నం. అనుకోకుండా ఉండలేకపోయింది.

"ఒద్దులే. నానట్టుకుంటాను" అంది మసేనమ్మ.

లోపలికొచ్చి సంచిలోంచి తన గ్లాసు తీసుకుంది, తన కంచం తీసుకుంది, తన దుప్పటి పరుచుకుంది. కొత్త దుప్పటి మడత విప్పకుండా మూల ఉండిపోయింది. రత్నం ఇచ్చిన మంచినీళ్ళు గట్టు మీదే ఉండిపోయాయి. మసేనమ్మ కొళాయి దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి తన గ్లాసులో నీళ్ళు పట్టుకుంది.

"నూకరత్నం అని బోర్డెట్టుకున్నావట బయట" అంది కాసేపటికి.

"నా పేరే కదమ్మా."

"నీదెలగవుద్ది? అది మాయమ్మ పేరు. పోయినోళ్ళ పేరు ఎత్తుకుపోయినావు. ఇంకే పేరూ దొరకనేదా నీకు, సినిమావోళ్ళవి బోలెడుంటాయి గదా!"

అమ్మమ్మని రత్నం చూడలేదు, తను పుట్టకముందే పోయింది. ఫొటో కూడా లేదు. కెమెరా అంటేనే మొహం తిప్పుకునేదట. చిన్నప్పుడు అమ్మ చెప్పిన కథల్లో మాత్రం రేవంతా గడగడలాడించిన మనిషి. రత్నం తనకో ఆడపేరు కావాల్సొచ్చినప్పుడు మరో పేరు తట్టలేదు. ఆ మాట చెప్పాలనుకుంది. చెప్పకుండా నవ్వింది, అలవాటు ప్రకారం.

* * *

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు కట్టు విప్పేశారు. కంట్లో చుక్కలు వెయ్యాలన్నారు, రోజుకి ఆరుసార్లు. వేసినప్పుడల్లా మసేనమ్మ కూతురి వేళ్ళు తనకి తగలకుండా తల వెనక్కి పెట్టేది. రోజుకి ఆరుసార్లు ఆరు మార్కులు.

ఆ బుధవారం ప్రయోగశాలకి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. మందు లేని విడతలో ఏడో సీసా ఇవ్వబోతే, రత్నాన్ని చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఆరు. మందు కొట్టాక రత్నం మళ్ళీ వెళ్ళింది. ఆవిడ సీసా పక్కన పెట్టేసి రత్నం రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత చల్లగా ఉన్నాయమ్మా చేతులు! కూర్చోమ్మా ఇలా. నీకెవరూ లేరా తల్లీ?" అంటూ చెంప నిమిరింది.

రత్నానికి ఏం చెయ్యాలో తోచలేదు. పదకొండేళ్ళ తరవాత ఒక ఆడమనిషి, అమ్మ వయసు మనిషి, తన చెంప నిమిరింది. బయటికొచ్చి బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చింది. ఏడ్చి మొహం కడుక్కుని, మందుల అర దగ్గరికి వెళ్ళి, 'సమ్మతి' సీసా ఒకటి కోటు జేబులో వేసుకుంది. దొంగతనమే. అయితే ఏం? కొందరికి పుట్టుకతో వచ్చేది తనకి సీసాలో దొరుకుతోంది.

ముందు తన మీదే ప్రయోగం చేసుకుంది. గురువారం పొద్దున్న, ఉద్యోగానికి బయల్దేరబోతూ. పావుగంటకి అద్దంలో చూసుకుంది. మొదటిసారి, జీవితంలో మొట్టమొదటిసారి, దవడ ఎముక మీదికి చూపు పోలేదు. గీసిన గడ్డం నీడ కనపడింది, కనపడితే కనపడింది. వెడల్పు భుజాలున్నాయి, ఉంటే ఉన్నాయి. ఎంత తేలిగ్గా ఉందో ఒళ్ళు! తనని తాను ప్రేమించుకోవడమంటే ఇదే కాబోలు, ఇంత సులువా, అనుకుంది.

ఆటోలో పక్కన కూర్చున్నవాడు తొడ మీద చెయ్యి వేశాడు. రోజూ ఎవడో ఒకడు వేస్తాడు, రోజూ రత్నం జరిగి కూర్చుంటుంది. ఆ రోజు జరగలేదు. చెయ్యి ఉందని తెలుసు, ఎందుకుందో తెలుసు. అయినా రోత పుట్టలేదు. పక్కనుంచి చల్లగాలి వస్తోంది, చెయ్యి పాకుతోంది, రత్నం నవ్వుతూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండింటికి మందు దిగిపోయింది. అన్నం ముందు కూర్చున్నదల్లా లేచి పరిగెత్తి కక్కేసింది. కడుపులో ఏమీ లేకపోయినా కక్కింది. తొడని సబ్బుతో తోమింది, ఎర్రగా కమిలిపోయేదాకా.

అక్కడితో బుద్ధి రావాలి. వచ్చింది కూడా. కానీ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ తన గ్లాసుని కూతురి గ్లాసుకి తగలకుండా జరిపి పెట్టుకుంటోంది. వచ్చిన బుద్ధి కాస్తా పోయింది.

"కంట్లో చుక్కలు వేశాను గదమ్మా. ముక్కులో కూడా వెయ్యమన్నారు డాక్టరు. తల ఇటు తిప్పు" అంది రత్నం.

డాక్టరు మాటంటే మసేనమ్మకి వేదం. తిప్పింది.

పావుగంట. రత్నం స్టవ్ మీద టీ పెట్టి వెనక్కి తిరక్కుండా నిలబడింది. వెనకనుంచి పిలుపు వినపడింది.

"ఒలే రత్తమ్మా! ఇలగ రాయే."

రత్నం వెళ్ళి కింద కూర్చుంది. మసేనమ్మ కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. జడ విప్పింది. వేళ్ళు జుట్టులో పెట్టి, చిన్నప్పుడు చూసినట్టు, పేలు చూడసాగింది. "ఎంత మెత్తగున్నాదే నీ జుత్తు! మాయమ్మదీ ఇలగే ఉండీది" అంది. రత్నం కళ్ళు మూసుకుంది. ఇదే. దీనికోసమే కదా పదకొండేళ్ళు... మొహం ఎత్తి చూసింది. సున్నా. నిఖార్సైన సున్నా. అమ్మ మొహంలో తనని చూస్తూ ఒక్క ముడత లేదు.

టీ పొంగితే రత్నం లేచి గ్లాసులో పోసి తెచ్చింది, తన గ్లాసులో. మసేనమ్మ హాయిగా అందుకుంది. పై అరలోంచి ఒక బొద్దింక జారి ఆ టీలో పడింది. మసేనమ్మ వంగి చూసింది. వేలు పెట్టి దాన్ని తీసింది. అది కాళ్ళు కొట్టుకుంటుంటే అరచేతిలో పెట్టుకుని, "అయ్యో, తడిసిపోనావా" అంటూ నిమిరింది. నిమిరి పక్కన వదిలి, టీ గుటకేసింది.

రత్నం చూపు అమ్మ మొహం మీదే ఉంది. సున్నా. ఇందాక తనని చూసిన సున్నాయే. ముడత లేని నుదురు అదే, పెదవుల మీద నవ్వు అదే. కూతురూ బొద్దింకా ఆ మొహానికి ఒకటే.

ఒళ్ళంతా కంపరమెత్తింది. బొద్దింకని చూసి కాదు, అమ్మని చూసి కాదు. తన చేతుల్ని చూసుకుని. మంచం మీద కూర్చున్న ఆవిడ ఇంకా పిలుస్తూనే ఉంది, "రాయే, జడేస్తాను" అని. రత్నం వెళ్ళలేదు. గది బయట మెట్ల మీద, మందు దిగేదాకా కూర్చుంది.

మర్నాడు పొద్దున్న మసేనమ్మకి అన్నీ గుర్తున్నాయి. కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని బట్టలసోడాతో చేతులు తోముతోంది. మోచేతులదాకా తోముతోంది. బొద్దింకకా, నాకా? రత్నం అడగలేదు. అడిగి తెలుసుకునే ధైర్యం లేదు.

"నిన్న ముక్కుల ఏసింది డాక్టరు మందు కాదు గదా?" అంది మసేనమ్మ, తల ఎత్తకుండా.

"కాదమ్మా" అంది రత్నం.

"నా ముక్కు నాది. నా మూతి నాది. నన్నడక్కుండా ముట్టీసినావు" అంది మసేనమ్మ. "థూ!"

ఆ ఉమ్ము కొళాయి గట్టు మీద పడింది. నీళ్ళు పోసి కడిగేసింది తనే.

* * *

ప్రయోగశాలలో ఆ రోజు హడావుడి. మర్నాడు మందు కొనడానికి పెద్దలు వస్తున్నారు. నివేదికలు బైండు చెయ్యమని రత్నానికి అప్పగించారు. మార్కులు చెప్పడమే గాని, పట్టికలు రాసే పని రత్నానిది కాదు. వాటిని తను ఎప్పుడూ చూడలేదు. కాగితాలు సర్దుతుంటే ఒక పట్టిక కంటపడింది.

ఉద్దీపన ఒకటి, మురిగిన గుడ్డు. రెండు, పులిసిన పాలు. అలా ఆరు దాకా. ఏడు దగ్గర 'మంచినీళ్ళు' అని లేదు. 'సీసా తెచ్చే మనిషి' అని ఉంది. దానికెదురుగా 'మందుకు ముందు సగటు ఏవగింపు 5.2, మందు తరవాత 0.1'. కింద కామేశం గారి వాక్యం ఒకటి. సామాజికంగా ఏవగింపు కలిగించే వ్యక్తుల పట్ల కూడా మందు సమర్థంగా పనిచేస్తున్నదని.

రత్నం ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఆసిడ్‌తో కడిగిన సీసాలు గుర్తొచ్చాయి. మానేసిన మల్లెపూలు గుర్తొచ్చాయి. బాత్రూంలో తలుపేసుకుని చూసుకున్న చంకలు, అరచేతులు, ఊపిరి. మాస్కు తీసేసి నవ్వుతూ వెళ్ళమ్మా! పండగ చీర! తను సీసా పట్టుకెళ్ళలేదు, తనే సీసా. గుడ్డు, పాలు, మేజోడు, వాంతి, మురుగు, చేప, ఆ తరవాత తను.

గ్రేస్ వచ్చి భుజం మీదుగా చూసింది. చూసి గోడకి చేరబడిపోయింది.

"ఒట్టేసి చెప్తున్నా, నాకు తెలీదే. తెరమీద మొహాలూ నంబర్లే కనపడతాయి నాకు. పట్టిక ఆయనే రాస్తారు."

రత్నం ఆమె మొహంకేసి చూసింది. చదివింది. నిజమే చెబుతోంది.

"రేపు కెమెరా నువ్వే నడుపుతావు కదా?" అంది రత్నం. "రేపు నేనేం చేసినా ఆపకు."

* * *

పెద్దలు నలుగురు వచ్చారు. గాజుగోడ అవతల సోఫాల్లో కూర్చున్నారు. మెడలో దండలు, ముందు జీడిపప్పు. కామేశం గారు మైకు పట్టుకుని ఒక్కో సీసా గురించీ చెబుతున్నారు. ఆరు సీసాలూ అయ్యాయి. "ఇక ఏడోది. అమ్మా రత్నం!" అని పిలిచారు.

రత్నం సీసాతో వచ్చింది. వాలంటీరు లేచి పక్కకెళ్ళాడు, రత్నమే లెమ్మంది. సీసా కామేశం గారి చేతిలో పెట్టి, తను కుర్చీలో కూర్చుంది.

"మూలబిందువు ఇవాళ మీరు పట్టుకురండి సార్. మాస్కు తీసేసి, నవ్వుతూ."

గాజు అవతలినుంచి పెద్దలు చూస్తున్నారు. కాదనడానికి కామేశం గారికి వీల్లేకపోయింది. "భలే, భలే! మా అమ్మాయికి ఉత్సాహం ఎక్కువ" అన్నారు వాళ్ళకేసి తిరిగి. సీసా పట్టుకుని, ఎప్పటి చిరునవ్వుతోనే, కుర్చీ దగ్గరికొచ్చారు.

రత్నం తల ఎత్తి ఆయన్ని చూసింది. పదకొండేళ్ళుగా దిద్దుకున్న నవ్వుని వదిలేసింది. ఎలా వదలాలో కూడా తెలీదనుకుంది, కానీ మొహానికి తెలుసు. ఎడమ ముక్కుపుటం దానంతట అదే లేచింది. పై పెదవి మెలితిరిగింది. ముక్కు పక్కన, కళ్ళ కింద, నుదుటి మీద ముడతలు పడ్డాయి. ఎన్నేళ్ళనుంచో లోపల తొక్కిపెట్టిన రోతంతా పైకి వచ్చింది. బస్సులో సీట్లు, ఆటోలో చెయ్యి, మురుగుగుంటలకి మందు, అమ్మా అనే ఈ పిలుపు.

తెర మీద అంకె మారింది. తొమ్మిది.

కుళ్ళిన చేపకి కూడా రాని తొమ్మిది. పెద్దల్లో ఒకాయన జీడిపప్పు నమలడం ఆపి, "అబ్బో! ఏముందండీ ఆ సీసాలో?" అని అడిగాడు.

రత్నం కామేశం గారి చేతిలోంచి సీసా తీసుకుంది. మూత తీసి గటగట మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుంది.

"మంచినీళ్ళండి" అంది. "ఏడో సీసాలో ఎప్పుడూ మంచినీళ్ళే. మార్కులు తెచ్చేవాళ్ళకి వస్తాయి. మీ చేతిలో ఉన్న నివేదికలో ఉంది చూడండి, పందొమ్మిదో పేజీ."

కాగితాలు తిరగేసిన చప్పుడైంది. కామేశం గారి మొహం చూడాలి అప్పుడు! నవ్వు ఉంది, దాని వెనక ఏమీ లేదు. "అమ్మా రత్నం, నువ్వు అపార్థం..." అంటున్నారు.

"అమ్మా అనకండి. నాకు వెగటు" అంది రత్నం. కోటు విప్పి కుర్చీ మీద వేసి బయటికి నడిచింది.

తలుపు దగ్గర గ్రేస్ ఎదురొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. తొమ్మిది వచ్చిన క్షణాన కెమెరా పట్టిన మొహం.

"ఉంచుకోవే. నీ ఫొటోలన్నిట్లోకీ ఇదే బాగుంది."

ఆటోలో ఆ కాగితం చూసుకుంటూ వచ్చింది రత్నం. ఈ మొహాన్ని ఎక్కడో చూసింది. అద్దంలో మాత్రం కాదు. పక్కవాడి మోచెయ్యి మెల్లగా జరిగి ఒంటికి ఆనింది. రత్నం కాగితంలోంచి తల ఎత్తి, కాగితంలో ఉన్న మొహంతోనే వాడికేసి చూసింది. వాడు దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాడు.

* * *

పొద్దు వాలకముందే ఇల్లు చేరింది. మసేనమ్మ తన సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మర్నాడు పొద్దున్నే దేవి వచ్చి తీసుకెళ్తుంది.

రత్నం కాగితం గట్టు మీద పడేసి కాళ్ళు కడుక్కుంటోంది. వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది, వేరేగా.

"ఇదెక్కడిది?"

మసేనమ్మ కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని ఉంది. ఆపరేషనైన కంటికి దగ్గరగా తెచ్చింది. దూరంగా పట్టింది.

"మాయమ్మ ఫొటో నీకెక్కడిది? మాయమ్మ ఎప్పుడూ ఫొటో తీయించుకోనేదు. ఎవుడు తీసినాడిది?"

రత్నం కొళాయి కట్టేసింది.

"అది అమ్మమ్మ కాదే. నేనే."

"నాకు తెల్దా మాయమ్మ మూతి!" మసేనమ్మకి కోపమొచ్చింది. "సేపల్లో బేరాలాడి తక్కువకి అడిగినోడ్ని, మీద సెయ్యేసినోడ్ని ఇలగే సూసీది. ఇదిగో, ఈ ముక్కు పక్క. రేవులో మగోళ్ళందరూ పక్కకి తప్పుకునీవోరు."

అంటూనే ఆగిపోయింది. కూతురి మొహంకేసి చూసింది. కాగితంకేసి చూసింది. మళ్ళీ కూతురికేసి. శుక్లాలు తీశాక మొదటిసారి కాబోలు, నిదానంగా, నుదుటినుంచి గడ్డందాకా.

"ఎవుడ్ని సూసి ఇలగెట్టినావు మూతి?" అంది చివరికి.

"నన్ను కుళ్ళిన చేప పక్కన పెట్టి అమ్మబోయినవాణ్ణి."

మసేనమ్మ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చీర కొంగుతో తుడిచింది, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"మొన్న నువ్వు సేసింది తప్పు" అంది.

"తప్పేనమ్మా."

"నాకింకా నిన్ను సూత్తే ఒళ్ళు ఒకలాగవుతాది. నాను అబద్ధం సెప్పను."

"చెప్పకు. నీ ఎండుచేపల సంచి దగ్గరికొస్తే నాకూ ఒళ్ళు ఒకలాగే అవుతుంది. వారం దినాలనుంచి ఊపిరి బిగబట్టుకుంటున్నాను."

మసేనమ్మ నోట్లోంచి ఫక్కున నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. తన గ్లాసు కోసం సంచి తడిమింది. గ్లాసు అడుగున, బట్టల కింద ఉంది. తీయాలంటే సంచంతా విప్పాలి.

"ఆ గ్లాసిలగియ్యి. దాహమేత్తంది" అంది.

రత్నం తన గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది. మసేనమ్మ దాన్ని ఒక్క క్షణం ఎత్తి పట్టుకుని చూసింది. ఎడమ ముక్కుపుటం లేచింది. లేచిన ముక్కుతోనే, అంచుకి పెదవి ఆనించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.

రత్నం మార్కులు వెయ్యలేదు.